చుట్టాలింటికి భారంగా వెళ్ళండి

కోనసీమ నుంచి కారులో కాశీకి వెళ్తున్నామని నలుగురిలో చెప్పి చూడండి, అందరూ ఒకే పాట పాడతారు. హైదరాబాద్ లోపలికి పోవద్దు, పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేయండి, మేడ్చల్ దగ్గర దిగి నాగపూర్ రోడ్డు పట్టుకోండి, ఊళ్ళో చుట్టాలుంటే ఫోన్లో పలకరిస్తే చాలు అంటారు. మరీ తప్పదనుకుంటే వారం ముందే చెప్పండి, హోటల్లో గది తీసుకోండి, ఓ గంట కూర్చుని కాఫీ తాగి లేచి రండి, పాపం వాళ్ళని ఇబ్బంది పెట్టకండి అని కూడా చేరుస్తారు.

ఇందులో ఒక్కటీ పాటించకండి. ఊళ్ళోకి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళండి. ఆకలితో వెళ్ళండి. రెండు రాత్రులు వాళ్ళింట్లోనే పడుకోండి. ఇబ్బంది పెట్టండి.

ఎందుకంటే, పని లేకుండా చుట్టాలింటికి వెళ్ళడమన్నది మన మధ్య దాదాపుగా పోయింది. పెళ్ళికి వెళ్తాం, కర్మకి వెళ్తాం, గృహప్రవేశానికి వెళ్తాం. ఫంక్షన్ హాల్లో బఫే వరుసలో ప్లేటు పట్టుకుని పలకరించుకుంటాం, స్టేజీ ఎక్కి ఫొటో దిగుతాం, ఎవరి కారు వాళ్ళు ఎక్కుతాం. పిన్ని వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో ఆవిడ అక్క పిల్లలకి తెలియదు. అక్కచెల్లెళ్ళ మనవలు ఒకరికొకరు శుభలేఖ మీద పేర్లే. రైలైనా విమానమైనా పనున్న చోటికే తీసుకెళ్ళి దింపుతాయి. దారిలో ఉన్న ఇంటి ముందు ఆగగలిగేది కారొక్కటే. అంత వెసులుబాటు చేతిలో పెట్టుకుని, ఆ ఇంటికి ఇరవై కిలోమీటర్ల దూరంలోంచి ఔటర్ మీద గంటకి 120 వేగంతో చుట్టేసి పోవడం నా దృష్టిలో అన్యాయం.

ఈ దారి మనకి కొత్తది కాదు. 1830 మే నెలలో ఏనుగుల వీరాస్వామి మద్రాసు నుంచి ఇంటివాళ్ళతో, పరివారంతో కాశీకి బయల్దేరాడు. కడప, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ చేరి, ఆగి, ఊరంతా చూసి, రాసుకుని, అక్కణ్ణుంచి నాగపూర్, జబల్‌పూర్, రీవా మీదుగా సాగిపోయాడు. మొత్తం యాత్రకి పదిహేను నెలలు పట్టింది. హైదరాబాద్ నుంచి పైకి ఆ తెన్నే దాదాపుగా తర్వాత ఏడో నంబరు జాతీయ రహదారి అయింది. ఇప్పుడు దానిలో హైదరాబాద్, నాగపూర్ ముక్క నలభై నాలుగో నంబరు. హైదరాబాద్ నుంచి కాశీ 1,200 కిలోమీటర్ల పైచిలుకు, ఇవాళ కారుకి రెండు రోజుల పని. ఆయన పదిహేను నెలలిచ్చిన యాత్రకి మనం రెండు రాత్రులు అదనంగా ఇవ్వలేమా?

మొదట తేల్చుకోవాల్సింది ఎవరింటికి అన్నది. కూకట్‌పల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు వెతికితే కోనసీమ వాళ్ళకి ఒక్క ఇల్లేం ఖర్మ, పదిళ్ళుంటాయి. రోజూ వీడియో కాల్లో కనిపించే చెల్లెలింటికి వెళ్ళాలని ప్రాణం లాగుతుంది. అక్కడికి వెళ్ళకండి. మాటలు పలచబడిపోయిన ఇల్లు ఏదో, ఎవరి గురించి ఇంట్లో కాస్త గొంతు తగ్గించి మాట్లాడతారో, ఆ గుమ్మం ముందు దిగండి. అది మీ పిన్ని ఇల్లే అనుకుందాం. చెల్లెలు అలుగుతుంది. అలగనివ్వండి. అలిగిన మనిషి సాయంత్రానికి పిల్లల్ని వెంటేసుకుని ఆ ఇంటికే వచ్చి వాలుతుంది, ఆ గడప తొక్కి ఆవిడకీ ఏళ్ళయి ఉంటుంది. ఎవరూ నొచ్చుకోకూడదని గంట చొప్పున ఆరిళ్ళు చుట్టబెట్టేవాళ్ళుంటారు. ఆరు కాఫీలు తాగి, ఆరు చోట్ల బొట్టు పెట్టించుకుని, ఆరు జాకెట్టు ముక్కలు తెచ్చుకుంటారు. ఎవరి కష్టసుఖాలూ వాళ్ళ చెవిన పడవు. ఒక్క ఇల్లు, రెండు రాత్రులు. అంతే.

డిక్కీ సంగతి ఇంటి దగ్గరే చూసుకోవాలి. మీ సామాను సగానికి తగ్గించండి, నాలుగు జతల బట్టలు చాలు, మిగతా చోటంతా వాళ్ళది. దారిలో బేకరీ దగ్గర ఆగి స్వీటు బాక్సు కొనే పని పెట్టుకోకండి, అది వాళ్ళ వీధి చివరా దొరుకుతుంది. సంక్రాంతి వెళ్ళాక బయల్దేరితే ఇంట్లో చేసిన అరిసెలుంటాయి, జంతికలుంటాయి. ఒలిచిన కొబ్బరికాయలు గోనెసంచిలో వేయండి. రావులపాలెంలో అరటి గెల కొనండి, కర్పూర చక్కెరకేళి అయితే మరీ మంచిది, అదీ ఇంకా కాయగా ఉన్న గెల. దాన్ని చూడగానే పిన్ని "ఇంత గెల ఎక్కడ పెట్టన్రా, ఎవరు తింటారు" అంటుంది. బాల్కనీలో బట్టలారేసే కొక్కేనికి వేలాడదీయండి. మీరు కాశీలో గంగ స్నానం చేసే నాటికి ఇక్కడ పై హస్తం పసుపు తిరుగుతుంది. ఆవిడ రోజుకో హస్తం కోసి ఎదురింటికి, పక్కింటికి, కింద వాచ్‌మన్ పిల్లలకి పంపుతూ "మా అక్క కొడుకు తెచ్చాడు" అని చెప్పుకుంటుంది. వారం రోజులు ఆ అపార్ట్‌మెంట్లో మీ పేరు నానుతుంది. స్వీటు బాక్సుకి ఇంత ఆయుష్షు లేదు.

విజయవాడ దాటాక చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి అని టోల్‌గేట్లు వస్తాయి. మొదటి రెండింటి దగ్గరా ఫోను జేబులోంచి తీయొద్దు. పంతంగి దగ్గర తీయండి.

"పిన్నీ, పంతంగి టోల్ దగ్గరున్నాం. అన్నానికి మీ ఇంటికే."

"ఓరి నీ దుంపతెగ! ఇప్పుడా చెప్పేది? ఇంట్లో ఏం లేదురా!"

"ఉన్నదే పెట్టు."

"ఎంతమందొస్తున్నారు?"

ఎంతమంది అని అడిగిందంటే చేట చేతిలోకి వచ్చేసిందన్నమాట. పంతంగి నుంచి ఎల్బీనగర్ సుమారు గంట, అక్కణ్ణుంచి కూకట్‌పల్లికి ట్రాఫిక్‌ని బట్టి మరో గంటా గంటన్నర. వంటకి ఆ వ్యవధి చాలు, కంగారు పడడానికి చాలదు. వారం ముందు చెబితే ఏమవుతుందో ఆలోచించండి. కర్టెన్లు ఉతుకుతారు, బాబాయ్ సెలవు పెడతాడు, మనకి మర్యాద తక్కువవుతుందేమోనని బయటి నుంచి బిర్యానీ తెప్పిస్తారు. సోఫా మీద మడతపెట్టని బట్టల గుట్ట మాయమవుతుంది, బీపీ మాత్రల డబ్బా బీరువాలోకి పోతుంది. మనం వెళ్ళి చూసేది సర్దిపెట్టిన ఇంటిని. ఆ మాత్రల డబ్బా కనిపించాలి. అది కనిపిస్తేనే "ఇవెప్పట్నుంచి పిన్నీ?" అని అడగగలుగుతాం.

ఫోను ఎత్తకపోయి, వెళ్ళేసరికి తాళం ఉంటే ఎలా అంటారు. ఎదురు ఫ్లాట్ తలుపు కొట్టండి. ఫలానావాళ్ళ బంధువులమని చెప్పి కూర్చోండి. మీ పిన్ని గురించి మీకు తెలియని సంగతులు ఆ ఎదురింటావిడ పావుగంటలో చెబుతుంది. ఎవరికి ఒంట్లో బాగోకపోతే ఎవరు అన్నం వండి పంపారో, మోకాలి నొప్పితో మెట్లెక్కలేక లిఫ్టు ఆగిపోయిన రోజు కింద ఎంతసేపు కూర్చుందో. ఇవేవీ ఫోన్లో చెప్పే రకం కాదు మీ పిన్ని. అయితే ఒక్క మినహాయింపు ఉంది. ఆ ఇంట్లో బాలింతో, ఆపరేషన్ అయిన మనిషో ఉన్నారని తెలిస్తే రెండు రోజుల ముందు చెప్పండి. వంట మేమే చేస్తామని కూడా ఆ ఫోన్లోనే చెప్పండి, చెప్పినట్టే చేయండి.

సూర్యాపేటలో, నార్కట్‌పల్లిలో తినకండి. షుగరున్నవాళ్ళు ఏదో ఒకటి నోట్లో వేసుకోవాల్సిందే, చంటిపిల్లలకి ఎలాగూ తప్పదు. మిగతా అందరూ కడుపులు మాడ్చుకునే వెళ్ళండి. "తినే వచ్చాం" అన్న మాట అంత చేటు మాట మరొకటి లేదని నా నమ్మకం. వండి పెట్టడానికి నడుం బిగించిన మనిషిని ఆ మాట ఒక్క దెబ్బకి కూల్చేస్తుంది. ఆకలితో వెళ్ళినవాళ్ళకి ఏం దొరుకుతుందో నేను చూశాను. టమాటా పప్పు, మజ్జిగ పులుసు, నూనెలో పొంగిన గుమ్మడి వడియాలు, నల్లగా వేగిన ఊరమిరపకాయలు, ఏడాది నాటి ఆవకాయ. రెండో వాయి వడ్డిస్తుంటే గిన్నె అడుక్కి గరిట తగిలిన చప్పుడు వింటుంది ఆవిడ. మన మొహాలు చూడదు, ఏమీ అనదు. లోపలికి వెళ్ళి మరో అరసోలెడు బియ్యం కడిగి చిన్న కుక్కర్లో పడేసి వస్తుంది. పెరుగన్నం వేళకి వేడన్నం వచ్చి పడుతుంది. ఆ రెండో కుక్కర్ పెట్టించకుండా లేచారంటే మీరు సరిగ్గా భోంచేయలేదు.

ఇప్పటి గేటెడ్ కమ్యూనిటీల్లో మన కారు గుమ్మం దాకా పోదు. సెక్యూరిటీ అబ్బాయి ఆపి ఫ్లాట్ నంబరు అడుగుతాడు, పైన వాళ్ళ ఫోన్ మోగుతుంది, వాళ్ళు సరేనంటేనే గేటు లేస్తుంది. కొందరికి దీనికి మనసు చివుక్కుమంటుంది. పట్టించుకోకండి, ఆ అబ్బాయి డ్యూటీ అది. ఓ నాలుగు అరిసెలు అతని చేతిలోనూ పెట్టండి. రెండు రోజులు విజిటర్ పార్కింగ్‌లో మీ కారు ఉండాలంటే అతని మంచితనమూ కావాలి.

రాత్రి పడక హాల్లోనే. మీ కోసం బెడ్‌రూమ్ ఖాళీ చేస్తామంటారు, ఒప్పుకోవద్దు. టీపాయ్ బాల్కనీలోకి జరిపి, పరుపులూ బొంతలూ వరసగా పరిచి, వాళ్ళ పిల్లలూ మీ పిల్లలూ పెద్దలూ అందరూ అక్కడే పడుకోండి. ఫ్యాను రెండులో ఉండాలా నాలుగులో ఉండాలా అని గొడవ జరగాలి. లైటు తీసేశాక పావుగంటకి ఎవరో ఒకరు చీకట్లో నోరు విప్పుతారు. పగలు టీవీ ముందు చెప్పలేని సంగతులు, అబ్బాయి ఉద్యోగం పోయిందనో, అమ్మాయి సంబంధం వెనక్కి పోయిందనో, అప్పుడు వస్తాయి. హోటల్ గది తీసుకున్నవాళ్ళు ఈ పావుగంటని డబ్బిచ్చి మరీ పోగొట్టుకుంటున్నారు. అందుకే నేను హోటల్ మాట ఎత్తితే ఊరుకోను.

రెండు రాత్రులు అని పట్టుబట్టడానికి కారణం ఉంది. మొదటి రోజంతా మర్యాదలతోనే సరిపోతుంది. రెండో రోజు పొద్దున మర్యాద అలిసిపోతుంది. అప్పుడు వాళ్ళు మామూలుగా బతకడం మొదలుపెడతారు, మనం చూడాల్సింది అదే. ఆ రోజు చార్మినార్‌కో గోల్కొండకో తీసుకెళ్తామంటారు. వద్దనండి. చార్మినార్ 1591 నుంచి అక్కడే ఉంది, మరోసారి వచ్చినా ఉంటుంది. డెబ్బై దాటిన పిన్ని గురించి ఆ ధీమా పనికిరాదు. ఆవిడ రైతుబజారుకి వెళ్తుంటే సంచి పట్టుకుని వెంట వెళ్ళండి. బాబాయ్ కరెంటు బిల్లు గొడవ తేల్చుకోవడానికి వెళ్తే ఆయనతో వెళ్ళండి. కారు తీయకండి, మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా 29 కిలోమీటర్ల మెట్రో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన స్నేహితుడింటికి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వెళ్ళిరండి. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు రోడ్డు చూస్తాం. మెట్రోలో మనిషిని చూస్తాం.

పిల్లల విషయం చిన్నది. వాళ్ళని "బుద్ధిగా ఉండండి" అని కూర్చోబెట్టకండి. కొట్టుకోనివ్వండి, కలుస్తారు.

ఇక అసలు సంగతి. డబ్బు, ఆస్తి, పొలం మాటలు చుట్టాలింట్లో ఎత్తొద్దని అందరూ చెబుతారు. నేను ఎత్తమంటున్నాను, అదీ మీరే. మాటలు పలచబడిన ఇంటికి వెళ్ళమన్నాను కదా, ఆ పలచబడడం వెనక నూటికి తొంభై పాళ్ళు ఏదో ఒక గట్టు తగాదా ఉంటుంది. కొబ్బరితోటలో పిన్ని వాటా ఉంటుంది, చూసుకునేది ఊళ్ళో ఉన్న మీరు. దింపుకి ఎన్ని కాయలొచ్చాయో, కాయ ఎంత పలికిందో, దింపు కూలీ ఎంతైందో, తెగులు పట్టి ఎన్ని చెట్లు పోయాయో ఆవిడకి తెలియదు. ఊళ్ళోవాళ్ళు తింటున్నారని ఆ ఇల్లు అనుకుంటుంది. పట్నం వెళ్ళినవాళ్ళు తోట మొహం చూడరు, పైసలడుగుతారని ఈ ఇల్లు అనుకుంటుంది. ఇద్దరూ పైకి ఏమీ అనరు. పండక్కి మెసేజీలు పెట్టుకుంటారు. పదేళ్ళు పోతే మీ పిల్లలకీ వాళ్ళ పిల్లలకీ కారణం తెలియని దూరం మిగులుతుంది.

అందుకని లెక్కల పుస్తకం కారులో వేసుకోండి. దస్తావేజు నకలు, పట్టాదారు పాసుపుస్తకం జెరాక్సు కూడా. రెండో రాత్రి భోజనాలయ్యాక, కంచాలు తీసేశాక, బాబాయ్ పక్కన కూర్చుని, "బాబాయ్, తోట లెక్క చూపిద్దామని తెచ్చాను" అనండి. ఆయన "ఇప్పుడవన్నీ ఎందుకురా" అంటాడు. అన్నా పుస్తకం తెరవండి. ఆయనకి కోపం రావచ్చు, పిన్ని కళ్ళ నీళ్ళు పెట్టుకోవచ్చు, మీ అమ్మని ఓ మాట అననూ వచ్చు. మీ అమ్మ పక్కనే ఉంటే ఆవిడా అంటుంది. మధ్యలో ఎవరూ సర్దిచెప్పకండి. ఆ రాత్రే తేల్చేయాలని కూడా కూర్చోకండి, ఎవరినీ సంతకాలు అడగకండి. ఇంతకాలం కడుపులో పెట్టుకున్నది బయటికొస్తే చాలు. గొంతులు పెరిగితే పెరగనివ్వండి. పదకొండు గంటలకి ఎవరో ఒకరు లేచి పాలు వెచ్చబెడతారు. ఆ పుస్తకం వాళ్ళింట్లోనే వదిలి రండి, చూసుకోనివ్వండి. మీకు కావలసిన పేజీలు ముందే ఫొటో తీసి పెట్టుకోండి.

అంత గొడవయ్యాక ఆ మనుషులతో కలిసి ప్రయాణం చేయాలి. నా సలహాల్లో అందరూ తప్పుపట్టేది ఇదే. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు కారులో ఒక సీటు ఖాళీగా ఉంచండి. అయిదుగురు పట్టే బండిలో నలుగురే ఎక్కండి, ఏడుగురు పట్టేదైతే ఆరుగురు. ఆ ఖాళీ హైదరాబాద్‌లో నిండాలి. "పిన్నీ, కాశీకి రా" అనండి. "నేనెక్కడొస్తాన్రా, మోకాళ్ళు" అంటుంది. రెండోసారి అడగండి. "ఇంట్లో మీ బాబాయ్‌కి ఎవరు వండుతారు" అంటుంది. అలిగి వచ్చిన చెల్లెలు ఉంది కదా, బాబాయ్ భోజనం ఆవిడకి అప్పజెప్పండి. మూడోసారి అడిగేసరికి ఏ చీరలు పెట్టుకోవాలో అని మొదలుపెడుతుంది. వయసు మళ్ళినవాళ్ళని అంత దూరం కారులో తీసుకెళ్ళడం బుద్ధి తక్కువ పనని, ఎక్కడైనా ఏమైనా అయితే మీ మీదికొస్తుందని అంటారు. అయితే రానివ్వండి. బంధువన్నాక మన మీదికి రాకుండా ఎలా ఉంటుంది?

తీసుకెళ్ళడంలో మాత్రం అజాగ్రత్త కూడదు. డాక్టరు చీటీ, ప్రయాణం మొత్తానికి సరిపడా మాత్రలు ఆవిడ చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. ఇన్సులిన్ వాడుతుంటే చిన్న ఐసు డబ్బా పెట్టండి, ఐసుకి నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టండి. డ్రైవరు పక్క సీటు ఆవిడదే, కాళ్ళు చాపుకోవడానికి వీలవుతుంది. గంటన్నరకోసారి ఆపి నాలుగడుగులు వేయించండి. ఆవిడ అడగదు, మనమే ఆపాలి. బాత్రూమ్ అడగడానికి సిగ్గుపడి నీళ్ళు తాగడం మానేస్తారు ఆడవాళ్ళు, అది గమనించండి. పెట్రోలు బంకు కనిపించినప్పుడల్లా ట్యాంకు నిండుగా ఉన్నా ఆగండి. జనవరి చివర్లో జబల్‌పూర్ దాటాక తెల్లవారుజామున మంచు కమ్మేస్తుంది. ఎనిమిదింటి దాకా బండి తీయకండి, ఆవిడకి శాలువా, చెవులకి మఫ్లరు ఉండాలి. నాగపూర్, సివనీ మధ్య పెంచ్ అడవి వస్తుంది. అక్కడ జంతువులు కింది నుంచి దాటేలా రోడ్డుని పైకెత్తి కట్టారు, పిల్లలకీ ఆవిడకీ చూపించండి. కాశీలో తొమ్మిది నిద్రలు చేయాలని ఆవిడకి ఉంటే చేయించండి, తెలుగువాళ్ళకి అక్కడ ఆంధ్రాశ్రమం ఉంది. ఘాట్ మెట్లు దిగలేకపోతే పడవ మాట్లాడండి, కూర్చున్న చోటి నుంచే గంగలో చెయ్యి పెడుతుంది.

మేడ్చల్ దాటి కామారెడ్డి వెళ్ళేదాకా ఆవిడ రాత్రి జరిగిన గొడవ గురించే మాట్లాడుతుంది. మాట్లాడనివ్వండి. నిర్మల్ దగ్గరికొచ్చేసరికి సంచిలోంచి జంతికలు తీసి వెనక సీటుకి అందిస్తుంది. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ వంతెన ఎక్కితే మహారాష్ట్ర. నాగపూర్‌లో ఆవిడ తోడికోడలి అన్నయ్యగారిల్లు ఉందని, మనిషిని చూసి చాలా కాలమైందని అప్పుడు బయటపెడుతుంది. హోటల్ బుక్ చేసి ఉంటే రద్దు చేసి, ఫోను ఆవిడ చేతికివ్వండి.